చేతితో చేసిన శుభలేఖ

ఈ సాయంకాలము నేను ప్రసంగింపబోవు విషయము మిక్కిలి చిన్నది. ఒక దళసరి కాగితము, ఒక పదునైన కత్తి, కొంచెము సిరా, ఒక బంకగిన్నె: ఈ నాలుగు వస్తువులతో బంధుమిత్రులకు పంపదగిన శుభాకాంక్షల పత్రమును స్వహస్తముతో చేసికొను విధమును మనవి చేయుదును. ఇది పిల్లలాట యని మీరు తలంపవచ్చును. నేనును ఒకప్పు డట్లే తలంచియుంటిని. ఆ తలంపు మారుటకు కారణమైన సంగతిని మొదట చెప్పుట న్యాయము.

నేను సికిందరాబాదు నివాసిని. కొన్ని సంవత్సరముల క్రిందట మా అమ్మాయి వివాహము జరిగెను. ఐదువందల శుభలేఖలు అచ్చువేయించితిని. బంగారు అంచు, పైన వినాయకుని బొమ్మ, లోపల నున్నని కాగితము. చూచినవారందరు మెచ్చుకొనిరి. పెండ్లిపనుల తొందరలో చిరునామాలు వ్రాయుటకు నాకు తీరికలేక, మా వీధిలోని యొక కుఱ్ఱవానికి పట్టికయిచ్చి వ్రాయించి, అన్నిటిని ఒక్కనాడే టపాలో వేయించితిని. భువనగిరికి దాపున నున్న మా స్వగ్రామములో మా పెదనాయనగారు ఉండిరి. వారికిని అట్టి శుభలేఖయే పోయెను. దాని నాలుగు మూలల పసుపు ఉండెను గాని నా చేతివ్రాత ఒక అక్షరమైనను లేదు. వారు పెండ్లికి రాలేదు. తరువాత నేను పోయి కారణ మడుగగా, ఏమియు కోపము లేకయే, “నాయనా, నన్ను అచ్చుయంత్రము పిలిచినది. నీవు పిలువలేదు గదా” అనిరి. ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేదు.

మరుసటి ఉగాదికి వారికి నా చేతితో చేసిన పత్ర మొకటి పంపవలెనని నిశ్చయించుకొంటిని. ఆ పని తొలుత చెడి, తరువాత కుదిరినది. చెడిన చోట్లను గూడ దాచక చెప్పెదను. ఏలయన, పని నేర్చుకొనువానికి అవియే ఎక్కువ ఉపకరించును.

అచ్చుపత్రముల పుట్టుకలోనే ఒక వింత కలదు. ఇంగ్లండు దేశమున 1843లో హెన్రీ కోల్ అను ఉద్యోగి, క్రిస్మసు పండుగనాడు మిత్రులందరికి ఉత్తరములు వ్రాయుటకు తీరికలేక, జాన్ కాల్కాట్ హార్స్లీ అను చిత్రకారునిచేత ఒక బొమ్మ వ్రాయించి వేయి ప్రతులు అచ్చొత్తించెను. ఆ బొమ్మలకు రంగులు మాత్రము చేతితోనే అద్దిరి. ఒక్కొక్కటి ఒక షిల్లింగునకు అమ్మిరట. దానినే మొదటి క్రిస్మసు కార్డుగా చెప్పుదురు. నూట ఎనుబది యేండ్ల క్రిందటి ఆ దొరకును నాకును కలిగిన ఇబ్బంది యొక్కటే: తీరిక లేకుండుట. మన దేశములో 1879వ సంవత్సరమున కాలణా పోస్టుకార్డు వచ్చిన పిమ్మట క్షేమసమాచారము బీదవానికిని అందుబాటులోనికి వచ్చెను. “ఉభయకుశలోపరి” అని ఆరంభించి కార్డు నిండ కిక్కిరిసినట్లు వ్రాసి, చోటు చాలక అంచులవెంబడి అడ్డముగా వ్రాసిన ఉత్తరములు మీ యిండ్లలో నేటికిని తీగెకు గ్రుచ్చి యుండును. మరణవార్త తెచ్చిన కార్డును చదివిన వెంటనే చించివేయుటయు, శుభవార్త తెచ్చినదానికి పసుపు పూయుటయు మన యాచారములు. కాగితము రంగును బట్టియే వార్త తెలియవలెనను నియమము మనకు క్రొత్తది కాదు.

1806లో మూడవ నిజాము సికందరుజా పేరిట వెలసిన మా యూరు దండువిడిదిగా పెరిగినది. ఆవలనున్న హైదరాబాదులో ఛత్తాబజారు శుభలేఖలకు ప్రసిద్ధికెక్కినది. అచ్చట ఉర్దూ లేఖకులు రెల్లుకలముతో అందమైన అక్షరములు వ్రాసియిచ్చెడివారు. కంప్యూటరు వచ్చిన తరువాత ఆ లేఖకుల సంఖ్య మిక్కిలి తగ్గినది. నేడు చేతిఫోనులో ఒక వ్రేలితో తాకిన నూరుగురికి ఒకే పూలబొమ్మ పోవును. ఆ సౌకర్యమును నేను నిందింపను. అది వార్తకు చాలును, పిలుపునకు చాలదని మాత్రము మా పెదనాయనగారి మాటవలన తెలిసికొంటిని.

ఇక పనిలోనికి వత్తము. మొదటిది కాగితము. మన ప్రాంతమున కాగితపు పరిశ్రమ పూర్వమునుండి కలదు. కోరుట్లలో చేసిన గట్టి కాగితము పట్వారీల లెక్కపుస్తకములకు వాడబడుచుండెను. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే యగు దౌలతాబాదు చెంత కాగజీపుర మను గ్రామము ఆ వృత్తి పేరుతోనే వెలసినది. 1934లో గాంధీజీ వార్ధాలో స్థాపించిన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘము ఈ పనిని మరల లేవనెత్తెను. ప్రత్తిగుడ్డల పేలికలను నానబెట్టి, దంచి, నీటిలో కలిపి, జల్లెడవంటి చట్రముతో ఎత్తి, ఆరబెట్టిన కాగితమిది. ప్రత్తినార పొడవైనది గనుక మడతపెట్టినను త్వరగా విరుగదు. ఖాదీ దుకాణములలో ఇట్టి కాగితము నేటికిని దొరకును. అది లేనియెడల దళసరి డ్రాయింగు కాగితము చాలును.

కాగితమును కొనునప్పుడు ఒక పరీక్ష చేయవలెను. మూలను ఒక సిరాచుక్క వేయుడు. చుక్క వేసినచోటనే నిలిచిన కాగితము మంచిది. సాలీడు కాళ్ళవలె నలువైపుల ప్రాకినచో అది అద్దుడు కాగితముతో సమానము. నా మొదటి పత్రము చెడినది ఇచ్చటనే. చౌకగా దొరకినదని కొన్న కాగితముమీద “ఉగాది” అని వ్రాయగా అక్షరములన్నియు బొంతపురుగులవలె వెండ్రుకలు తొడిగినవి. దీనికి విరుగుడు సులభము. పలుచని గంజిని మెత్తని గుడ్డతో కాగితమునకు పూసి, ఆరిన పిమ్మట గాజుసీసాతో రుద్దిన, నార సందులు మూసికొనును. శ్రీకాళహస్తి కలంకారీవారు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానవేయుదురు. పాలలోని క్రొవ్వు రంగును ప్రాకనీయదు. గుడ్డకు పాలు చేయు పనినే కాగితమునకు గంజి చేయును.

మరల, యంత్రముపై చేసిన కాగితమునకు కలపవలె నార ఒకవైపున సాగియుండును. నారవెంబడి మడచిన మడత సూటిగా వచ్చును. అడ్డముగా మడచిన పెచ్చులు లేచును. కాగితమును ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డముగా మెల్లగా వంచి చూడుడు. ఏవైపు సులభముగా వంగునో ఆ వైపుననే మడత పెట్టవలెను. మడుచుటకు ముందు బద్దనానించి, కత్తి వెనుకప్రక్కతో ఒక గీత నొక్కవలెను. మన పోస్టుకార్డు పొడవు 14 సెంటీమీటర్లు, వెడల్పు 9 సెంటీమీటర్లు. 14కు 18 సెంటీమీటర్ల కాగితమును నడుమ మడచినచో సరిగా ఆ కొలత పత్రము తయారగును.

రెండవది, పైన అంటించు చిత్తరువు కాగితము. అంగడిలో కొనవచ్చును గాని, ఇంట చేసికొనుటలో ఆనందము కలదు. ఒక వంతు మైదాపిండిని ఆరు వంతుల నీటిలో ఉండలు లేకుండ కలిపి, సన్నని సెగపై చిక్కబడువరకు కాచి చల్లార్చవలెను. అందు కొంచెము రంగు కలిపి, తడిపిన కాగితముమీద వెడల్పు కుంచెతో పూయవలెను. తడి ఆరకముందే పాత దువ్వెనను వంకరటింకరగా లాగిన అలలు, నేరుగా లాగి మరల అడ్డముగా లాగిన గళ్ళు ఏర్పడును. పుస్తకములు కుట్టువారు ఐరోపాలో అట్టలకు ఇట్టి కాగితములనే వాడుచుండిరి. పురుగు పట్టకుండుటకు బంకలో మైలుతుత్తము కలుపు నలవాటు మన కుట్టుపనివారిలో నుండెడిది, అది విషము. పిల్లలు కూర్చుండు చోట దానిని వాడరాదు. కావలసినంత బంక ఏనాటి కానాడు కాచుకొనుట మేలు.

దక్కనునకు చెందిన మరియొక విద్య కలదు. దానిని అబ్రీ యందురు; పారసీకమున మేఘమువంటి దని యర్థము. చిక్కని జిగురునీటిమీద రంగులను తేలవేసి, పుల్లతో కదిపి, ఆ తేలిన చిత్రముమీద కాగితమును పరచి ఎత్తుదురు. 17వ శతాబ్దమున బిజాపురపు చిత్రకారు లీ విద్యతో గుఱ్ఱములను, ఫకీరులను గూడ చిత్రించిరి. మనము అంత దూరము పోనక్కరలేదు. పళ్ళెములోని నీటిమీద నూనెరంగు రెండు చుక్కలు వేసి కదిపి కాగితము తాకించిన, ఒకటివలె మరియొకటి ఉండని మేఘములు వచ్చును. నూనె నీటిలో కరుగక పైన తేలుటయే ఇందలి కిటుకు.

పల్లెలో నున్న మీకు ఇంకను సులభమైనది చెప్పెదను. ముదురు బెండకాయను అడ్డముగా కోసి రంగులో అద్ది కాగితముమీద నొక్కుడు. రేకులు తీరిన పువ్వు పడును. రావియాకు వెనుకప్రక్క రంగు పూసి నొక్కిన ఈనెలన్నియు దిగును. పెడనలో టేకుచెక్కమీద చెక్కిన అచ్చులతో గుడ్డలపై కలంకారీ అద్దకము చేయువారి పనికిని దీనికిని మూలసూత్ర మొక్కటే.

మూడవది, ఈ పనికంతకు కీలకమైనది, స్టెన్సిలు. దీనిని నేను అచ్చురేకు అని పిలిచెదను. ఇది మీకు తెలియనిది కాదు. ధాన్యపు గోతాలమీద చిల్లుల రేకును పెట్టి నల్లరంగు పూసి వర్తకుని పేరు వేయుట మీరు చూచియున్నారు. చిల్లులు పొడిచిన గొట్టమును దొర్లించి ముగ్గువేయుటయు ఆ జాతిదే. మధురలో సాంఝీ యనుపేర కాగితమును అతిసున్నితముగా కత్తిరించి, దానిగుండ రంగుపొడి చల్లి ఆలయములలో ముగ్గులు తీర్చుదురు. జపానువారు మల్బరీ కాగితమునకు ఒక పండురసము పట్టించి గట్టిపరచి, దానిని కోసి వస్త్రములకు రంగు లద్దిరి.

అచ్చురేకునకు నీరు త్రాగని వస్తువు కావలెను. దళసరి అట్టకు అవిసెనూనె పట్టించి రెండుమూడు దినము లారవేసిన అది గట్టిపడును. నువ్వులనూనె పనికిరాదు, అది అవిసెనూనెవలె ఆరి పొర కట్టదు. ఇచ్చట ఒక జాగ్రత్త. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయరాదు. నూనె ఆరునపుడు వేడి పుట్టి గుడ్డలు తమంత తామే అంటుకొనవచ్చును. వానిని నీట తడిపి బయట పరచవలెను. నూనె గొడవ వలదనువారు పాత ఎక్స్‌రే ఫిల్మును వాడవచ్చును. అది కత్తికి సులభముగా లొంగును. రంగును తుడిచివేసి ఎన్నిమారులైనను వాడవచ్చును.

బొమ్మను ముందు కాగితముమీద వ్రాసి, రేకుమీదికి దించి, అడుగున గాజుపలక పెట్టి కోయవలెను. చిన్న రంధ్రములను ముందును పెద్దవానిని తరువాతను కోసినచో రేకు బలము చెడదు. వంపులవద్ద కత్తిని త్రిప్పక రేకునే త్రిప్పవలెను. పసిపిల్లలచేత కత్తి పట్టింపరాదు. కోత పెద్దలది, అద్దకము పిల్లలది.

మన తెలుగు లిపికి ఇచ్చట నొక చిక్కు కలదు. మన అక్షరములు గుండ్రనివి. సున్నను చుట్టు కోసినచో నడిమి బిళ్ళ ఊడి క్రిందపడును. సున్నకు బదులు నల్లని చుక్క మిగులును. రకారము, ఠకారము మొదలగు మూసిన అక్షరములన్నిటికి ఇదే యాపద. కాబట్టి నడిమి బిళ్ళను వెలుపలి రేకుతో కలుపుచు రెండు చోట్ల కోయక విడువవలెను. వీనిని వంతెన లందురు. వంతెన బియ్యపుగింజ వెడల్పునకు తగ్గరాదు. ఎక్కడ వంతెన పెట్టిన అక్షరము చెడదో ముందుగా నాలోచించుటయే ఇందలి విద్య. నేను “శుభాకాంక్షలు” అను మాటకు సున్నవద్ద వంతెనలు విడిచితిని గాని, పైవరుసలోని “సంవత్సర” అను మాటలో రకారమును మరచితిని. ఆ ఫలితమును చివర చెప్పెదను.

అద్దునప్పుడు రంగు పలుచగా నుండరాదు. గట్టి పెరుగువలె నుండవలెను. గుడ్డను పొట్లముకట్టి, రంగులో ముంచి, వేరొక కాగితముమీద ఒత్తి, దాదాపు ఆరినదనిపించిన పిమ్మట రేకుమీద నిలువుగా తట్టవలెను. కుంచెతో అడ్డముగా రాచిన రంగు రేకు క్రిందికి ప్రాకును. తొందరపడి ఒక్కమారు నిండుగా అద్దుటకంటె మూడుమారులు పలుచగా అద్దుట మేలు. రేకును పైకి తిన్నగా ఎత్తవలెను; లాగరాదు.

నాలుగవది సిరా. ఆముదపు దీపముమీద మూకుడు బోర్లించి పట్టిన మసిని, తుమ్మబంక నీటితో బాగుగా నూరిన నల్లని సిరా యగును. కాటుక పట్టుట తెలిసిన యింట ఇది తెలియకుండదు. మసి బొగ్గుజాతిది గనుక ఎండకు వెలవదు. తాటియాకుమీద గంటముతో గీచి మసి రుద్దిన అక్షరములు వందలయేండ్లు నిలుచుటకు ఇదియే కారణము. కాని నీరు తగిలిన తుమ్మబంక కరగును. వానకాలపు టపాకు ఇది తగదు. రెండవ రకము కరక్కాయ సిరా. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపినచో కరక్కాయలోని పులుసుసత్తు ఇనుముతో కలిసి, మొదట వెలవెలబోయినను గాలి తగిలినకొలది నల్లబడి కాగితములోనికి ఇంకును. అన్నభేది ఎక్కువైన కొన్నియేండ్లకు కాగితమునే తినివేయును. రెండు వస్తువులును పసారి అంగళ్ళలో దొరకును.

పసుపును గూర్చి ఒక మాట. నేను పత్రపు నేలకు పసుపునీరు పూసి, చేతులు సబ్బుతో కడిగికొని, సరిగా తుడుచుకొనక దానిని పట్టుకొంటిని. వెంటనే ఎఱ్ఱని వ్రేలిముద్రలు పడినవి. సబ్బులోను సున్నములోను నుండు క్షారము తగిలిన పసుపు ఎఱ్ఱబారును. మంగళహారతికి పసుపులో సున్నము కలిపి ఎఱ్ఱనీళ్ళు చేయు మన స్త్రీలకు ఈ రసాయనము తెలిసినదే. దానిని మరచినవాడను నేను. అంతేకాక పసుపు ఎండకు నిలువదు. కావున మూలలకు పసుపు పూయుడు. బొమ్మకు మాత్రము వేరు రంగు వాడుడు. ఎఱ్ఱని ముద్రలు రెండు వ్రేళ్ళతో పూయు నుపాయమును మా మనుమరాలు కనిపెట్టి, సున్నపునీటితో చిన్నచిన్న పూలు పెట్టినది. చెడినది అందమైనది.

అన్నియు ఆరిన పిమ్మట చిత్తరువు కాగితమును పలుచగా బంక పూసి అంటించి, రాత్రియంతయు బరువైన పుస్తకముల క్రింద నుంచవలెను. లేనియెడల తడికి సాగిన కాగితము ఆరునప్పుడు ముడుచుకొని పత్రము వంగును. లోపలి పుటను ఖాళీగా విడువవలెను. అది మీ చేతివ్రాతకు. ఎంత బొమ్మ వేసినను ఆ పుటయే పత్రమునకు ప్రాణము. పేరు పెట్టి పిలిచి, వారి యింటివారిని ఒక్కొక్కరిని అడిగి, మీ మాట రెండు వాక్యములు వ్రాయుడు. వ్రేళ్ళు వణకి అక్షరములు వంకరపోయినను సరియే. చదువువారు ఆ వంకరలోనే మిమ్ము గుర్తింతురు.

ఈ పనికి సామగ్రి లేమి అడ్డు కాదు. యుద్ధానంతరము చెకొస్లొవేకియాలో ఏడేండ్ల బాలిక, కాగితము దొరకక గాజుపలకమీద బొమ్మవేసి, తమ యూరికి అందిన సహాయమునకు కృతజ్ఞత తెలిపెను. ఆ బొమ్మనే 1949లో యునిసెఫ్ సంస్థ తన మొదటి శుభాకాంక్షల కార్డుగా అచ్చువేసెను.

నా పత్రము ఉగాదికి నాలుగు దినములముందు టపాలో వేసితిని. ప్రత్యుత్తరము రాలేదు. వైశాఖమాసమున ఒకనాటి యుదయమున మా పెదనాయనగారు తామే మా గుమ్మము నెక్కిరి. వెంట ఒక గంప మామిడిపండ్లు, మా అమ్మాయికి ఒక చీర. జేబులోనుండి ఆ పత్రమును తీసి బల్లమీద పెట్టి, “సంవత్సర యని వ్రాసి రకారమునకు దిష్టిచుక్క పెట్టినా వేమి?” అని అడిగిరి. నేను వంతెన మరచిన సంగతి చెప్పితిని. వారు నవ్వి, “పోనిమ్ము, యంత్రమైతే ఈ తప్పు చేయదు. నీవే చేసితి వని నమ్మకము కుదిరినది” అనిరి.

అయ్యలారా, ఇట్లు దూరమైన బంధువు ఒకరైనను మీకును ఉండకపోరు. ఈ పండుగకు ఆ యొక్కరికి ఒక్క పత్రము చేసి పంపుడు. కత్తి మీరు పట్టుడు. రంగు మీ మనుమల నద్దనిండు. లోపలి పుట మాత్రము మీరే వ్రాయుడు. సెలవు.